గోడకు ఆనే వైపు

వంకలో బోర్లా పడుండిన రాయిని
నలుగురం గడ్డపారలేసి తిరగేసినాం.
నలభై ఏండ్లు దాని వీపు మీదే
మా జేజి ఉసేనమ్మ
పరుపు గుడ్డలు, దిండు గలీబులు బాది ఉతికింది.
కడుపు కింద ఇంత రాత ఉందని
ఆమెకు ఎవురు చెప్పినారు?

పైన సూర్యుడు, చంద్రుడు, నడుమ ఒక కత్తి.
అవి ఉన్నంత కాలం ఈ మాట ఉంటుందంట.
ఆఫీసు నుంచి వచ్చిన శేషఫణి సారు
తడి కాగితం పరిచి బ్రష్షుతో తట్టినాడు,
పాలు తాగిన బిడ్డ వీపు తట్టినట్టు.
మసి ముంచిన గుడ్డ ఉండతో అద్దినాడు.
నలుపులోంచి తెల్లగా లేచినాయి
తలకట్లు, గుడులు, సున్నాలు.
పరరాజ భయంకరుడు, దిక్కులన్నీ ఏలినోడు,
బిరుదులే పన్నెండు వరసలు.
పదమూడో వరసకు గాని
పుల్లరి ఊసు రాలేదు.

సారు అక్షరం చదువుతాడు.
నేను చెయ్యి చదువుతా.
యర్రగుంట్ల గేటు కాడ
శిలాఫలకాలు చెక్కేవాణ్ణి, నాకొచ్చిన చదువు అంతే.
బిరుదుల కాడ ఉలి నింపాదిగా దిగింది,
కడుపులో సంగటి ఉన్న చెయ్యి అది.
కిందికొచ్చేకొద్దీ లోతు తగ్గింది.
ఎండ నెత్తికెక్కిందో,
కూలి రేపు రమ్మన్నారో.
రైతులు కొలవాల్సిన గింజల లెక్క
గోటితో గీరినట్టుంది.
రాజు పేరుకు మాత్రం గోరంత లోపం లేదు.

ఐదో వరసలో ఒక పేరు ఉండిన జాగా
చదరంగా గొరిగేసి ఉంది.
"తర్వాత వచ్చినోళ్ళ పని" అన్నాడు సారు.
నేను మాట్లాడలేదు.

ప్రభుత్వం మారిన రాత్రి జీపొస్తుంది.
ఒకడు టార్చిలైటు పడతాడు.
"పేరు కనపడగూడదు, రాయి పగలగూడదు."
చెక్కేదానికి అక్షరానికి పన్నెండు రూపాయలు,
చెరిపేదానికి ముప్పై.
బస్టాండు, నీళ్ళ ట్యాంకు,
ఒకసారి సుడుగాటి ప్రహరీ గూడా.
ఒకే మనిషి పేరు చెక్కి, చెరిపి,
ఆయప్ప మళ్ళా గెలిస్తే మళ్ళా చెక్కినా.

శాసనం చివర తిట్టుంది.
దీన్ని చెరిపినోడు అరవై వేల ఏండ్లు
పెంటలో పురుగై పుడతాడంట.
సారు నవ్వతా చదివినాడు.
నేను ఏళ్ళు మడిచి చూసుకున్నా.
ఐదు పేర్లు.
మూడు లక్షల ఏండ్లు.
పిల్లోనికి ఈ పని నేర్పాలా, వద్దా?

కాగితం ఆరినాక ఎత్తి ఎండకు పట్టినాడు.
చెరిపిన జాగా
పేర్లన్నిటికంటే తెల్లగా వచ్చింది.
మసి అంటని గుంత.
ఎవురిదో తెలీదు గాని
ముందు కన్ను పోయేది ఆడికే.

చెక్కినోని పేరు యాడన్నా ఉందా సార్ అనడిగినా.
లేదన్నాడు.
నేనైతే ఫలకం వెనక, గోడకు ఆనే వైపు,
సిమెంటు పూసే ముందు
మా తాత దూదేకిన విల్లును గీస్తా, వేలెడంత.
దాన్ని వెతుక్కుంటా ఏ జీపూ రాలేదు ఇంతవరకు.

పొద్దు గుంకేటప్పుడు రాయిని నిలబెడతా
రెండో వైపు తడిమినా.
జేజి బాదిన కాడ పల్లం పడింది,
అరచెయ్యి పట్టేంత, నున్నగా.
"ఈ వైపు గూడా ఒక కాగితం వేస్తారా సార్?"
"ఈడేముందయ్యా, ఏమీ రాసిలేదే" అన్నాడు,
తెచ్చిన కాగితాలు గొట్టంలోకి దూర్చుకుంటా.