పెన్సిల్ తీర్పులు

స్టీమర్ రోడ్డులో అద్దె పుస్తకాల కొట్టు
ఎత్తేస్తున్నారని తెలిసి
గోనెసంచి పట్టుకుని పంటు దాటాను.
కిలో నలభై అన్నాడు పేరయ్య.
తక్కెట్లో ఒకవైపు ఇనప రాళ్ళు,
ఒకవైపు లండన్.

అందులో ఆయనే ఎక్కువ.
రాణిగారి కాలం నాటి డిటెక్టివు,
బూటు మీద బురద చూసి
ఏ వీధిలోంచి వచ్చావో చెప్పేవాడు.
కన్నతండ్రి కలం పెట్టేశాక
ఆయన్ని దత్తత తీసుకోనివాడు లేడు.
ఒకడు ముసలివాణ్ణి చేశాడు,
ఒకావిడ ఆయనకో కూతుర్ని పుట్టించింది,
ఇంకొకడు సెల్‌ఫోను చేతిలో పెట్టి
ఈ కాలంలోకి తోసేశాడు.
మన అనువాదకులేమో
ఆయన చేత "ఏవండోయ్" అనిపించారు.

ప్రతి పుస్తకం ఆఖర్న
పెన్సిల్‌తో ఒక తీర్పు:
"ఈయన ఆయన కాదు."
కింద కారణం, పొదుపుగా.
"ఆయన ఇంత నవ్వడు."
"పనిమనిషి పేరు అడగలేదు. ఆయనైతే అడుగుతాడు."
"తుపాకీ ఎక్కువ, చూపు తక్కువ."
"చేతులు చూడాలి. ఈయన మొహాలు చూస్తున్నాడు."

నలభై మూడు పుస్తకాలు, నలభై మూడు కాదులు.
నలభై నాలుగోదాంట్లో మాత్రం
"ఆయనే."
కారణం రాయలేదు.

ఆ రాత్రి నేనూ డిటెక్టివునే.
భూతద్దం లేదు, మా నాన్న కళ్ళజోడుంది.
పేజీల మడతల్లో తెల్లదారం పోగులు,
సన్నం, పురి ఎక్కువ.
చదవడం ఆపిన చోటల్లా
గుర్తుకి కాగితం మీద కొక్కెం నొక్కు.
అక్షరాల మీంచి కుడివైపుకి
పెన్సిల్ మసి పాకింది,
రాసిన చెయ్యి ఎడమది.

మర్నాడు రుస్తుంబాద.
మూడో గుమ్మంలోనే దొరికింది,
గెడ్డం సువార్తమ్మ, డెబ్బయ్యేళ్ళు,
ఎడమచేతిలో కొక్కెం,
ఒళ్ళో సగం విచ్చిన లేసు పువ్వు.

నేను నోరు తెరవకముందే
నా చెప్పుల వంక చూసింది.
"సఖినేటిపల్లి వైపు మనిషి.
ఆ ఒండ్రు ఇటు దొరకదండి."
తర్వాత సంచీ వంక.
"పేరయ్య ఎత్తేశాడన్నమాట."

అంతసేపూ చెయ్యి ఆగలేదు.
"ఈ అల్లిక ఎప్పుడో ఓడెక్కి
ఆయనుండే ఊరెళ్ళిందండి.
ఆ కేసుల్లో దొరసానుల మెడ చుట్టూ
ఉన్నదేంటనుకున్నారు?
మా ముత్తవ్వ కళ్ళు.
ఆ కాలరు దగ్గర ఆగి చూసే మనిషి
ఆయనొక్కడే.
ఎప్పటికైనా చూస్తాడని చదివేదాన్ని."

మరి ఆ ఒక్కటి?
అట్ట లేని పుస్తకం తీసి ముందు పెట్టాను.
దాని పేరేదో, రాసిందెవరో తెలియదు,
చివరి పదహారు పేజీలు చెదలు తినేశాయి.
మిగిలిన ఆఖరి పేజీలో ఆయన
ఒక కుట్టుపనామె గదిలో నిలబడి
ఆమె వేళ్ళనే చూస్తున్నాడు.
కిటికీ బయట మంచు,
ధనుర్మాసంలో మన లాకుల మీద కప్పేలాంటిది.
ఏదో అడగబోయాడు,
వాక్యం మధ్యలో చెద మట్టి.

"హంతకుడెవరో తెలియదుగా?"
"తెలీదండి. ఆయనక్కూడా ఇంకా తెలీదు.
అందుకే అలా చూస్తున్నాడు."

లేవబోతుంటే ఆ పుస్తకం మీద చెయ్యేసింది.
"ఇది మళ్ళీ చదువుతాను,
రోజుకి రూపాయిస్తాను."

రేవులో పంటు కదిలాక
జేబు తడుముకున్నాను.
పెన్సిలు లేదు.