నల్లద్దం

మా నాయిన దుకాణం రాణీగంజ్‌లో,
బస్సు డిపో వెనక. షట్టర్ సగమే లేచేది.
"మంట దిక్కు చూడకు బిడ్డా."
నేను నేర్చుకున్న మొదటి ఖగోళశాస్త్రం అదే.

చూశాను. ఎవరు చూడరు?
ఆ రాత్రి కండ్లల్ల ఇసుక పోసినట్టు.
ఆలుగడ్డ చక్రాలు కోసి రెప్పల మీద పెట్టి
వెల్డర్ బాలనర్సు, నా తండ్రి,
ఒక్క మాట తిట్టకుండా పక్కన కూర్చున్నాడు.
తెల్లారి చేతిలో నల్లద్దం పెట్టాడు:
"ఇగ చూడు. మంటను కాదు, దాని అంచు చూడు.
ఇనుము మాట్లాడేది అంచుకాడనే."

ఇప్పుడు హబ్సిగూడలో, మూడో అంతస్తులో,
ఏసీ చుక్కలు బకెట్లో పడే గదిలో
నేను చూసేది అంచునే.
పదిహేను లక్షల కిలోమీటర్ల అవతల,
రాత్రి అనేది లేని చోట నిలబడ్డ ఒక కన్ను
సూర్యుడి మొహానికి గుండ్రటి రేకు అడ్డం పెట్టుకుని
చుట్టూ మిగిలిన వెలుగును మాకు పంపుతుంది.
నడుమ రూపాయి బిళ్లంత నలుపు,
దాని చుట్టూ పలచటి గంజి రంగులో కరోనా.
ఆ పేరు మా గల్లీకి ఇంకోలా గుర్తు.
అందుకే ఇంట్లో చెప్పేటప్పుడు కిరీటం అంటాను.

మంగళవారం, మధ్యాహ్నం రెండు పదకొండు.
రోజంతా పండుకున్న గీత ఒక్కసారి నిటారుగా లేచింది.
ఎనిమిది నిమిషాల కిందటి మెరుపు.
నేను టిఫిన్ డబ్బా మూత తీసేసరికే
అక్కడ అయిపోయిన పని.

గంటకు, రేకు వెనక నుంచి పొగలాంటిది బయటపడింది.
ఎడమకు పోలేదు. కుడికి పోలేదు.
నలుపు చుట్టూ ఉంగరంలా పెరిగింది.
పక్కకు పోయేవి అందంగా ఉంటాయి,
మెడ, మెలిక, తోక అన్నీ లెక్కగా కనపడతాయి.
మన మీదికి వచ్చేదానికి ఆకారం ఉండదు.
పెద్దదవుతుంది, అంతే.

ఇంకో అరగంటకు బొమ్మ నిండా తెల్ల చుక్కలు.
చెడిపోయిన టీవీ కాదు,
అక్కడ కెమెరాకు తగులుతున్న రవ్వలు.
నాయిన చొక్కాకు రొమ్ము మీద
జొన్నగింజలంత బొక్కలు ఉండేవి.
అమ్మ కుట్టలేక, ఊరికే లెక్కపెట్టేది.
నేనూ లెక్కపెట్టాను.

రిపోర్టులో రాశాను: గురువారం సాయంత్రం,
పది గంటలు అటో ఇటో.
ఇంటికి ఫోన్ చేసి చెప్పాను:
"సూర్యుని నుంచి ఒక ముద్ద ఊడింది నాయినా.
గురువారం మన దగ్గరికొస్తది."
"గురువారమా? నల్లా వచ్చే రోజు" అన్నాడు.
"మోటర్ నడుస్తదా?"
"నడుస్తది."
"ఎంత బరువుంటది?"
"వంద కోట్ల టన్నులు."
కాసేపు ఆగి, "అంత ఊడినా మల్ల తెల్లారుతనే ఉంది" అన్నాడు.

గురువారం తార్నాక చౌరస్తా ఎప్పటిలాగే ఇరుక్కుపోయింది.
ఏడు గంటలకు, దూరాన ఉన్న కన్ను ముందు తడబడింది.
దానికీ మనకూ మధ్య అరగంట.
ఆ అరగంటలో చాయ్ తాగాను, చల్లారినాక.
ఏడున్నర దాటగానే చౌటుప్పల్ నుంచి అనీస్:
"మేడం, గీత ఎగిరింది."
కాసేపటికి మళ్లీ: "దిగుతోంది. మెల్లగా."
భూమి మొత్తం ఒక్కసారి ఉలిక్కిపడి
సర్దుకుంటున్న సంగతి
నగరంలో నలుగురికి తెలుసు,
అందులో ఒకడు పరోటా తింటున్నాడు.

మన ఆకాశానికి రంగుల తెరలు రావు.
అవి ధ్రువాలవాళ్ల సొత్తు.
మనకు ఫ్లైఓవర్ దీపాల పసుపు, దాని మీద దుమ్ము.
అయినా తొమ్మిదింటికి నాయిన నుంచి ఫోన్, డాబా మీద నుంచి:
"ఏం కనపడ్తలేదు."
"చేతిలో ఏముంది?"
"నల్లద్దం."
"అద్దం తియ్ నాయినా, రాత్రిపూట."
తీసినట్టున్నాడు. ఊపిరి వినపడింది.
"తీసినా కనపడ్తలేదు."

నా ముందు గీత ఇంకా దిగుతూనే ఉంది,
గోరంత, గోరంత.
"వచ్చింది నాయినా. మన మీది నుంచే పోతోంది."
"ఔనా" అన్నాడు, ఇంకా అక్కడే నిలబడి.
అతని వెనక ఎక్కడో
డ్రమ్ములో నీళ్లు పడుతున్న చప్పుడు.