మూడు వంకర మాటలు

ఫోర్త్, ఫిఫ్త్, సిక్స్త్...
అంకెకొక తోక తగిలించుకుని
చీమల్లా బారు తీరినాయి బోర్డు మీద.
కిటికీ అవతల దామలచెరువు మండీ,
తోతాపురి వాసన, ట్రాక్టర్ల హారన్లు.

గోడవారగా కూర్చున్న మొగిలమ్మ లేచింది.
"మేడం, ఒన్‌కు ఒన్‌త్ రావాల గదా?
టూకు టూత్ రావాల గదా?"
టూత్ అంటే పన్ను మేయ్ అని
క్లాసంతా పళ్లు బయటపెట్టి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
పదిహేడేండ్లుగా చెప్తా ఉండాను ఈ పాఠం.

ఆ రాత్రి అటక మీది లావు డిక్షనరీ దించి
దుమ్ము తుడిచినాను.
ఫస్ట్‌కూ ఒకటికీ చుట్టరికమే లేదంట,
అందరికన్నా ముందర నిలబడినవాడంట.
సెకండ్ వాళ్ల ఇంటి బిడ్డ కూడా కాదు,
లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా నడిచొచ్చింది.
వెంబడి వచ్చేది అని దానర్థం.
అది రాకముందు రెండోవాణ్ని
అదర్ అనేవాళ్లంట.
ఇంకొకడు. అంతే.
థర్డ్‌లో అక్షరాలు ఎప్పుడో తోసుకుని
ఒకదాని చోట్లో ఒకటి కూర్చున్నాయి.

ఏం భాషరా నాయనా అనబోయి, ఆగినాను.
మనకు ఒకటో తారీకు ఉంది, ఒకటో తరగతి ఉంది.
కాన్పు మాత్రం మొదటిది.
జీతం మొదటిది.
లెక్కకు ఒకటి చాలు,
గుర్తుండిపోయేదానికి మొదలు కావాల,
చెట్టు మొదలు మాదిరి, మన్నంటుకుని.
మా అవ్వ గుడియాత్తం మనిషి,
చచ్చేదాకా ఇరండు అనే అనింది.
ఆ ముందరి ఇకారం ఏ వాగు దాటేటప్పుడు జారిపోయిందో
మా నోట్లో రెండు అయింది.

మర్నాడు చెప్పినాను మొగిలమ్మకు:
రోజూ పట్టే కొడవలి పిడి
పట్టిన చేతి మాదిరే అరుగుతుంది,
మూలన పెట్టినవి సాపుగా ఉంటాయి,
ఫోర్త్ లాగా, ఫిఫ్త్ లాగా.

"మా నాయనకు ఆ మూడే వచ్చు మేడం," అనింది.

సాయంత్రం మండీ పక్కగా పోతా చూసినాను.
గోనెసంచి మీద గొంతుక్కూర్చుని
ఒక్కో కాయ నొక్కి చూసి విసురుతా ఉండాడు.
ఫస్టు. ఫస్టు. సెకండు. థర్డు. సెకండు.
నాలుగో కుప్పకు పేరు లేదు,
అది ఆవులకు.

యూనిట్ టెస్టులో ఇరవై ఒకటో తేదీని
అక్షరాల్లో రాయమన్నాను.
ట్వెంటీ ఒన్‌త్ అని రాసింది,
గుండ్రంగా, దిద్దుడు లేకుండా.
ఇరవై మెట్లెక్కినాక కూడా
మళ్లీ ఆ ముందర నిలబడేవాడే రావాలంట,
ఏం న్యాయమో.

రూలు రూలే. ఎర్ర పెన్నుతో కొట్టేసి
అర మార్కు తీసేసినాను.
ఆ అర మార్కు
ఇంకా నా దగ్గరే ఉండాది.