వాతం

పై అరలో పాలు విరిగాయి.
కింది అరలో కొత్తిమీర గాజుపెంకులా పెళుక్కుమంది.
ఒకే పెట్టె, ఒకే తలుపు.
గ్రిమ్స్‌బీలో మా అద్దింటి వంటగదిలో
ఎండాకాలం, చలికాలం
జానెడు ఎడంలో కాపురం పెట్టాయి.

పై అర దోయినాది. నడిమిది జోజప్పది.
కింది అర, కూరల సొరుగుతో సహా, నాది.
"ఆ మీట నువ్వే తిప్పుతున్నావు" అంది దోయినా.
జోజప్ప ఏమీ అనలేదు.
తన గోంగూర సీసా తీసుకెళ్ళి
కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.
నోరు విప్పకుండా తిట్టడం అతనికి బాగా వచ్చు.

మీట తిప్పింది నేనే, నిజమే.
మూడు నుంచి అయిదుకి. మళ్ళీ రెండుకి.
రోగం తెలీకుండా మందు మార్చినట్టు.

పగలంతా చేపల ఫ్యాక్టరీలో
నా ఉద్యోగమే చలిని కొలవడం.
కాడ్ చేప పొట్టలో సూది గుచ్చి
అంకె చూసి, రాసి, సంతకం పెట్టడం.
మైనస్ ఇరవై రెండు. మైనస్ ఇరవై రెండు.
ఊరి చలికంతా లెక్క చెప్పేదాన్ని
ఇంటి చలికి తెల్లమొహం వేశాను.

శుక్రవారం రాత్రి మూడు గ్లాసుల నీళ్ళు
మూడు అరల్లో పెట్టి పడుకున్నాను.
గాలిని నమ్మలేం, తలుపు తీయగానే మాట మారుస్తుంది.
నీళ్ళకి అంత తొందర ఉండదు.
తెల్లారి సూది ముంచితే
పైన పదకొండు.
నడుమ ఏడు.
కింద సున్నా, గ్లాసు అంచున సన్నటి పలక.

జబ్బు చలిది కాదు, గాలిది.
మా నాయనమ్మ అయితే నాడి పట్టుకుని
వాతం, అనేసి లేచిపోయేది.

కింద ఫ్రీజరు. దాని వెనక గోడకి చెవి ఆనించాను.
లోపల ఫ్యాను
దేనికో తగిలి తగిలి రొప్పుతోంది.

ప్లగ్ పీకాం. సామానంతా పెరటి మెట్ల మీదికి చేర్చాం.
జనవరి. బయట నాలుగు డిగ్రీలు,
ఏ మీటా లేకుండా, ఎవరూ తిప్పకుండా.
సీగల్ ఒకటి దోయినా సాసేజిని
పాకెట్టుతో సహా ఎత్తుకుపోయింది.
దానికి కూడా నావైపే చూసింది ఆవిడ.

నాలుగు మరలు విప్పితే వెనక పలక ఊడింది.
మంచు పట్టని ఫ్రిజ్ అని తలుపు మీద స్టిక్కరు.
పట్టకపోవడమేం, పడుతుంది.
రోజుకి రెండు మూడుసార్లు గోడ వెనక్కి వెళ్ళి
తనకి తాను కరిగి, మొహం తుడుచుకుని వస్తుంది, అంతే.
ఆ కరిగిన నీళ్ళు పోయే దారే మూసుకుపోయింది.
పోలేని నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి
తీగచుట్ట మీంచి ఎక్కి ఎక్కి
ఫ్యాను రెక్క దాకా చేయి చాపాయి.

దోయినా కత్తి తెచ్చింది. వద్దన్నాను.
ఒక్క గీత పడితే గొట్టంలో గ్యాసు పోతుంది,
పెట్టె శవమవుతుంది.
గిన్నెలో వేడినీళ్ళు పెట్టి, తలుపు వారగా మూసి
తువ్వాళ్ళు పరిచి కూర్చున్నాం.
మూడో గిన్నె అడక్కుండానే కాచి తెచ్చాడు జోజప్ప.
"ఓడ మీద కూడా ఇంతేనండీ," అన్నాడు,
"మోటారుది కాదు తప్పు, ఎప్పుడూ కాలవదే."
ఆ ఇంట్లో అతని నోట నేను విన్న
అతి పొడుగు వాక్యం అది.

సాయంత్రానికి మంచు దిమ్మ జారి పళ్ళెంలో పడింది.
అడుగున, గోరంత రంధ్రంలో,
నల్లబడి, నిలువుగా ఇరుక్కుని
ఒక కరివేపాకు.

ఇంట్లో కరివేపాకు దాచేది నేనొక్కదాన్నే.
తినేటప్పుడు ఏరి పారేసేదీ నేనే.

వాళ్ళిద్దరూ తువ్వాళ్ళు పిండుతున్నారు.
ఆకు తీసి జేబులో వేసుకున్నాను.
వేడినీళ్ళు పోస్తే గుటగుటా తాగేసింది రంధ్రం.

ఆదివారం రాత్రి గ్లాసుల్లో
అయిదు, నాలుగు, మూడు.
ఆ మాత్రం తేడా ఉండనీ.
దోయినా పాలు కొనుక్కొచ్చి పై అరలోనే పెట్టింది.
కిటికీ గట్టు మీద గోంగూర సీసా
మంగళవారం దాకా అక్కడే ఉంది.
బుధవారం చూస్తే నడిమి అరలో
కొంచెం నా వైపుకి జరిపి ఉంది.

ఫ్యాక్టరీలో సూది తుడవబోయి జేబులో చేయి పెట్టినప్పుడు
వేళ్ళకి ఇంకా ఆ వాసన.