సాన్పి

ఎనుమాముల మార్కెట్ల నేను దడ్వాయిని.
కాంటా కన్నా ముందు చెవులే నా బువ్వ.
ముప్పై మంది ఒక్కసారి బీటు వాడుతుంటె
పది రూపాయలు ఎక్కువన్నది ఎవడో
కండ్లు మూసుకొని చెప్త.

నా బిడ్డ హరిణికి
నాలుగేండ్లల్ల తొమ్మిదిసార్లు చెవి కారింది.

మొదటిసారి, పొద్దుగాల దిండు మీద
రూపాయి బిళ్లంత పసుపుపచ్చ మరక.
రాత్రంత ఏడ్చిన పిల్ల
అది కారంగనే నవ్వింది.
మేం గూడ నవ్వినం, తగ్గిందనుకొని.

అవ్వ ఎల్లిగడ్డ ఏసి నూనె కాగవెట్టింది.
స్వరూప నా అంగికంటిన పత్తి తీసి ఒత్తి చేసింది.
మందుల షాపాయన గులాబిరంగు సీసా ఇచ్చిండు.
నాలుగు రోజులు తాపి, మంచిగైందని
మిగిలింది సజ్జ మీద పెట్టినం.
ఇప్పుడు సజ్జ మీద ఆరు సీసాలు,
అన్నిట్ల అడుగున గడ్డకట్టిన గులాబి.

"పిలిస్తె పలకది, మొండిది" అన్నది అంగన్‌వాడి టీచర్.
నేను గూడ ఒకనాడు గడపల నిలవడి
మూడుసార్లు పిలిచి
నాలుగోసారి కొట్టిన, వీపు మీద.
తిరిగి చూసింది.
ఎందుకు కొట్టిన్నో తెల్వని చూపు.
దాన్ని తూచే కాంటా నా దగ్గర లేదు.

ఎంజీఎంల మా చీటి నూట పద్నాలుగు.
డాక్టరమ్మ ఉజ్మా, మా చెల్లె వయసుంటది.
"ముక్కెనక నుంచి చెవిలోపలికి ఒక సందు.
పెద్దోళ్లకు ఏటవాలు, పిల్లలకు సాపు.
మీ కాశిబుగ్గ మోరీ లెక్క,
వాలు లేకుంటె నీళ్లు నిలుస్తయి గద."

"అందరి పిల్లలకు సాపే గద మేడం?"

పెన్ను కింద పెట్టింది.
"పొద్దుగాల వాకిట్ల సాన్పి జల్లుతరా?"
"జల్లుతరు."
"పెయ్యి గూడ జల్లుకుంటది.
ముక్కుల, గొంతుల, చెవెనక, సన్నటి తడి.
ఆ తడిల కావలోళ్లుంటరు.
కత్తులుండయి వాళ్లకు.
వచ్చినోని చేతులు పట్టుకొని
గడప దాటనియ్యరు, అంతే.
పుట్టిన పిల్లకు కావలోళ్లు తక్వ.
తల్లి ముర్రుపాలల్ల అప్పిస్తది.
తర్వాత తనే పెంచుకోవాలె,
కొందరికి ఐదేండ్లు, కొందరికి ఏడు."

ముర్రుపాలు.
స్వరూప నా దిక్కు చూడలే.
ఆపరేషన్ కాన్పు, పాలు పడలేదన్నరు,
డబ్బా నేనే కొనుక్కొచ్చిన.

"తప్పు ఎవరిది కాదు" అన్నది, అడగకముందే.
అని, నా అంగి జేబు చూసింది.
బీడీ కట్ట.
"ఆ తడిని పాడుచేసేది పొగ."
గంతే. చీటి రాసింది.
సీసా అడుగుదాక తాపుమన్నది,
పండవెట్టి పాలు పట్టొద్దన్నది.
ఆ ముచ్చట అవ్వ ఏడాదిసంది చెప్తనే ఉన్నది.
మా ఇంట్ల చెవుడు ఒక్కరిది గాదు.

బీడీలు మానేసిన్నని రాస్తె అబద్ధమైతది.
రోజుకు నాలుగు, మోరీ అవతల నిలవడి.
నోరు పుక్కిలించి, అంగి మార్చి లోపలికొస్త.

వానలు పోయినయి. మార్కెట్‌కు కొత్త పత్తి దిగింది.
పదోసారి కారింది.
పదకొండోది ఇంక రాలే.

ఇయ్యాల్ల పొద్దుగాల
స్వరూప సాన్పి జల్లుతుంటె
ఆ చప్పుడుకు
హరిణి పక్కల కండ్లు తెరిచి
వాకిలి దిక్కు తల తిప్పింది.

నేనింక పిలువనే లేదు.