సభ్యురాలి సమయం

పొద్దున్న ఆరింటికే
కాశీబుగ్గ ఇంటి మెట్లమీద చెప్పులు.
వాళ్ళకి నీ నిద్రవేళలు నాకన్నా బాగా తెలుసు.
"గుంట లెగిసిందేటమ్మా? లెగిసినాకే వత్తాం."

నీకు మూడో నెల.
నాకు ఆ కుర్చీలో రెండో ఏడు.
ఇద్దరం ఇంకా
మెడ నిలపడం నేర్చుకుంటున్నాం.

మొన్న సభలో
ఉద్దానం నీళ్ళ గురించి లేచాను.
డయాలసిస్ మంచాలెన్ని, వరసలో మనుషులెందరు,
అంకెలన్నీ చేతిలోనే ఉన్నాయి.
పైన గ్యాలరీలో ఎవరి బిడ్డో కేరుమంది.
అంతే,
పాలు చేపుకొచ్చేశాయి.
ఫైలు గుండెకి హత్తుకుని మిగతాదంతా చూడకుండా చెప్పాను.
కాగితం లేకుండా ఎంత బాగా మాట్లాడారో అన్నారు
వెనక బెంచీవాళ్ళు.

బెల్లు కొట్టారు.
"సభ్యురాలి సమయం అయిపోయింది."
అయిపోయింది అధ్యక్షా,
మూడు గంటలకోసారి అయిపోతూనే ఉంటుంది.

బడికి సెలవు పెట్టి
మీ నాన్న క్వార్టర్సులో సీసా పట్టుకుని తిరుగుతున్నాడు.
రెండూ ఎలా చూసుకుంటున్నారని
విలేకరులు ఆయన్ని అడగలేదు.
నన్నడిగారు.
చూసుకోలేకపోతున్నాను అన్నాను.
నవ్వారు,
రాసుకోలేదు.

ఇవాళ జీడిపిక్కల బట్టీ నుంచి తవిటమ్మ వచ్చింది.
అర్జీ పట్టుకున్న వేళ్ళు
సొన తిని నల్లబడ్డ వేళ్ళు.
నా ఒళ్ళోంచి నువ్వు చెయ్యి చాపితే
చటుక్కున వెనక్కి లాక్కుంది.
"వద్దే అమ్మీ, మసి సేతులు."
నువ్వు వింటేనా!
చూపుడువేలు దొరకబుచ్చుకున్నావు.
ఇక ఆమె కదల్లేదు.
వెనకనించి ఎవరో విసుక్కున్నారు,
అయినా కదల్లేదు.

అర్జీలో ఒక్కటే వాక్యం, ఎవరిచేతో రాయించింది:
వారానికి రెండుసార్లు మా ఆయన్ని బస్సెక్కించడం నావల్ల కావట్లేదు.
కింద వేలిముద్ర.
ముద్రే ఉంది, గీతల్లేవు.
రేషను మిషను
ఈ వేలినే కదా మనిషిది కాదన్నది!

దాన్నే పట్టుకుని నువ్వు
నిద్రలోకి జారిపోతున్నావు.

పదింటికి టెక్కలిలో మీటింగు.
బయట డ్రైవరు రెండుసార్లు దగ్గాడు.
కుడిచెయ్యి నీ తలకింద ఇరుక్కుపోయింది,
ఎడంచేత్తో అర్జీ మూలన 'వెంటనే' అని రాశాను.
వంకరగా వచ్చింది.
ఎన్ని అర్జీల మీద రాశానో ఆ మాట,
తిన్నగానే రాశాను అన్నింటిమీదా.

తవిటమ్మ నా కొంగు తడి చూసింది.
చూడనట్టు తల తిప్పుకుని
మెల్లగా అంది:

"ముందల గుంటకి పాలియ్యమ్మా.
మాదెలాగూ ఆలీసమే కదేటి."