రెండు ఎరుపులు

విన్నిపెగ్ ఉత్తరపు కొసన, రైలు పట్టాల అవతల,
లాండ్రీకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య
ఎనిమిది బల్లల హోటలు.
తలుపు తీయగానే ముందు కళ్లజోడుకి చూపు పోతుంది,
తర్వాత ముక్కుకి తెలివొస్తుంది:
వెన్నలో మాడీమాడని ఉల్లిపాయ,
తడిసిన ఉన్ని కోట్లు,
సోయకూర.

బయట సున్నాకి ముప్పై ఒకటి దిగువ.
ఊపిరి మీసాలకి గడ్డకట్టి వేలాడుతోంది.
లోపల ఎవరూ చలి ఊసెత్తరు.
ఇక్కడ ఆ మాట తేవడం
బంధువుల మధ్య పాత బాకీ అడిగినట్టు.

హోటలు నడిపే ఆమె పేరు ఓదార్క.
తెలుగు చెవికి ఓదార్పులా వినబడుతుంది గానీ
ఆమె ఎవర్నైనా ఓదార్చగా నేను చూడలేదు.
"తినవేం? బాగోలేదా? జ్వరమా?"
మూడు ప్రశ్నలు, జవాబుకి సందు లేదు,
ఇంకో గరిటె.

ఆమె చేసే పిరోహి
మన కజ్జికాయకి వేలు విడిచిన తమ్ముడు.
తీపి మానేసి, బంగాళాదుంప మింగి,
మరిగే నీళ్లలో మునిగి
వెన్నతో ఒళ్లు తుడుచుకుని పళ్లెంలోకి వస్తాడు.
పన్నెండు అడిగితే పద్నాలుగు వస్తాయి.
లెక్క రాదనుకోకండి, బిల్లు పైసాతో సహా సరిపోతుంది.

నవంబరులో గిన్నెలు తోమడానికి ఉస్తీనా వచ్చింది.
ఖెర్సోన్ పిల్ల. ఒక సంచి, మెడలో ఒక తాళంచెవి.
దీనికి నకలు కావాలా అని పక్క కొట్టతను అడిగాడట.
వద్దంది.
మూడో రోజు బీట్‌రూట్ చారు, అదే బోర్ష్,
ఒక చెంచా నోట్లో పోసుకుని
గరిటె కింద పెట్టి అంది:
"ఇందులో చక్కెర వేశారు."

"మా అమ్మమ్మ వేసింది," అంది ఓదార్క,
"ఓడ దిగిన ఏడాది నుంచి వేసింది.
ఆమె పోయాక నేను వేస్తున్నాను."
"మాకు టమాటా పులుపు. చిక్కుడు గింజలు.
ఆఖర్న వెల్లుల్లి, పంది కొవ్వుతో దంచి."
"అది వేరే వంట."
"ఇది జాము."

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటాం మనం.
వాళ్లేమంటారో నాకు తెలీదు.
వారం పాటు వాళ్లిద్దరూ ఏమీ అనుకోలేదు.
గిన్నెలు అనుకున్నాయి, కాస్త గట్టిగానే.

ఆ పై గురువారం పొయ్యి మీద రెండు కుండలు.
ఒకటి పలచన, కెంపు రంగు, గిన్నె అడుగున పువ్వు కనిపించేది.
ఒకటి ఇటుక రంగు, చెంచా గుచ్చితే నిలబడేది.
పలక మీద సుద్దముక్కతో: బోర్ష్.
దాని కింద: బోర్ష్.
ధర ఒకటే.

కిటికీ పక్క బల్ల జెనోన్‌ది.
ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సు తోలి
అందర్నీ దిగాల్సిన చోట దించినవాడు,
ఇవాళ ఎటు తిప్పాలో తెలీక కూర్చున్నాడు.
ఓదార్క ఒక గిన్నె పెట్టింది. ఉస్తీనా ఒకటి పెట్టింది.
ఇద్దరూ చేతులు తుడుచుకుంటూ అక్కడే నిలబడ్డారు,
చేతులు ఎప్పుడో ఆరిపోయినా.

ఇందులో సగం తాగాడు.
అందులో సగం తాగాడు.
తర్వాత, చెబితే నమ్మరు,
దీన్ని ఎత్తి అందులో పోశాడు.
పుల్లమీగడ వేసి కలిపాడు.

అప్పుడు చూడాలి!
నీది నాలుకా, చెప్పు అట్టా అని ఒకరు,
మీ అమ్మ బతికుంటే నీ వీపు చీరేది అని ఒకరు,
పందుల తొట్టిలో ఇలాగే కలుపుతారని ఒకరు,
అవి కూడా ముందు వాసన చూస్తాయని ఇంకొకరు.
ఈమె ఎత్తుకున్న తిట్టుని ఆమె అందుకుని,
ఆమెకి మాట తోచకపోతే ఈమె అందించి,
నడుమ ఊపిరి తీసుకోడానికి ఆగి
ఒకరి మొహం ఒకరు చూసుకుని,
మళ్లీ.

జెనోన్ తల వంచుకునే తిన్నాడు.
రొట్టెముక్కతో గిన్నె అడుగు తుడిచాడు.
"ఇంకాస్త ఉందా?"
"ఏది?" అన్నారిద్దరూ ఒక్కసారే.

నన్ను మాత్రం ఏ కుండలోది కావాలని ఎవరూ అడగలేదు.
ముందుకొచ్చిన గిన్నె ఖాళీ చేశాను.
ఏది బాగుందో చెప్పమనకండి.
గురువారం మళ్లీ అక్కడే తినాలి నేను.